పండుగ శుక్రవారం పడిన ఏడాది

నేను ఒక ఇనుప కుండను. మూడు కాళ్లు, రెండు చెవులు, ఒక వంపు పిడి, ముందుకు పొడుచుకొచ్చిన బొజ్జ. ఇప్పుడు నన్ను అమెరికాలో ఓ చిన్న మ్యూజియంలో, గాజు పెట్టెలో కూర్చోబెట్టారు. నా ముందు ఒక అట్టముక్క ఉంది. "పునీత పాట్రిక్ పండుగ విందు వండిన కుండ. సంతోషంగా బతికిన ఒక ఐరిష్ కుటుంబానిది" అని దాని మీద రాసి ఉంది. రాసినాయన మంచివాడే. నా తుప్పును ఎంతో ఓపికగా గీకాడు. కానీ ఆ సంతోషం సంగతి ఆయనకెవరు చెప్పారో నాకు తెలియదు. ఏటా మార్చి పదిహేడున ఆకుపచ్చ టోపీలు పెట్టుకున్న జనం ఈ గదిలోకి గుంపులుగా వస్తారు. వాళ్లలో ఇటలీ వాళ్ల మనవలుంటారు, పోలండు వాళ్ల మనవరాళ్లుంటారు, చైనా వాళ్లుంటారు. ఆ ఒక్కరోజుకు అందరూ ఐరిష్ వాళ్లే. నన్ను చూసి ఒక ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. ఆ మర్నాటి నుంచి మళ్లీ మార్చి దాకా నా మొహం చూసేవాళ్లుండరు. గాజు పెట్టెలో నిప్పుండదు, నీళ్లుండవు, పలకరించే మనిషుండదు. మీరు దొరికారు గనక ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

నేను పుట్టింది ఐర్లండులో ఒక రేవు పట్నంలో. తడి ఇసుకలో అచ్చు కట్టి, కరిగిన ఇనుము పోసి, చల్లారాక ఇసుక దులిపి నిలబెట్టారు. నాతోపాటు ఆ రోజు నలభై మంది అక్కచెల్లెళ్లు పుట్టారు. ఎవరే సంతకు పోయారో, ఎవరి పొయ్యి మీద పగిలారో ఇంతవరకు కబురు లేదు. నన్ను మేయో జిల్లా నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కొన్నది. కొనేముందు వేలి కణుపుతో నా బొజ్జ మీద మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి వింది. పగులుంటే చప్పుడు మందంగా వస్తుంది. నా చప్పుడు బాగుందనుకుని వీపున వేసుకుని పదకొండు మైళ్లు నడిచింది. ఆ ముసలమ్మ పోయాక నేను ఆమె కోడలు ఉనాకు దక్కాను.

ఆ ఇంట్లో నేను కుండనే కాదు, భోజనాల బల్లను కూడా. వాళ్లకు బల్ల లేదు. నాలో బంగాళాదుంపలు ఉడికించి, నీళ్లు వార్చి, నా మూతి మీద వెదురు తట్ట లాంటి అల్లిక బుట్ట పెట్టి అందులో దుంపలు కుమ్మరించేవాళ్లు. ఇంటిల్లిపాదీ నా చుట్టూ నేల మీద కూర్చుని తొక్క ఒలుచుకుని తినేవాళ్లు. నా జన్మలో నాకు ఒంటరితనం అనేది తెలియని రోజులు అవే. ఉనా, ఆమె మొగుడు, పెద్ద కూతురు హనోరా, ఆమె వెనక మరో నలుగురు, అందరికన్నా చిన్నది సబీనా. ఎనిమిది మంది మోకాళ్లు నాకు తగులుతుండేవి.

పునీత పాట్రిక్ పండుగ అక్కడ ఎలా జరిగేదో చెబితే, ఆకుపచ్చ టోపీల వాళ్లు నమ్మరు. అది దేవుడి పండుగ. పొద్దున్నే గుడికి వెళ్లి పూజలో పాల్గొనేవాళ్లు. మగవాళ్లు టోపీలో మూడాకుల గడ్డి రెబ్బ గుచ్చుకునేవాళ్లు. ఆడపిల్లలకు ఉనా కాగితం మీద శిలువ గీసి, గుడ్డు పచ్చసొనతో పసుపు, గడ్డి పసరుతో ఆకుపచ్చ పూసి భుజం మీద కుట్టేది. ఈ పండుగ ఎప్పుడూ ఈస్టరుకు ముందటి తపస్సు కాలంలోనే వస్తుంది. నలభై రోజులు మాంసం ముట్టని ఆ కాలంలో ఈ ఒక్కరోజు కాస్త సడలింపు. ఇంట్లో ఉంటే ఒక చిన్న ఉప్పు పందిమాంసం ముక్క క్యాబేజీతో కలిసి నాలో ఉడికేది. డప్పుల్లేవు, జెండాల్లేవు, ఊరేగింపుల్లేవు. సాయంత్రానికి అందరూ నిద్ర మొహాలు వేసుకునేవాళ్లు.

అయితే ఈ సడలింపుకు ఒక మినహాయింపు ఉంది. పండుగ శుక్రవారం పడితే మాత్రం మాంసం కుదరదు. శుక్రవారం క్రీస్తు ప్రభువు ప్రాణం విడిచిన రోజు, ఏ పండుగా దాన్ని దాటలేదు. బిషప్ గారు ప్రత్యేకంగా సెలవిస్తూ ఉత్తరం రాయాలి, దాన్ని ఊరి ఫాదర్ గుడిలో చదవాలి. అప్పుడే చెల్లుతుంది. నేను చెప్పబోయే గోలంతా ఈ ఒక్క నియమం చుట్టూనే తిరుగుతుంది.

తరువాత దుంపలకు తెగులొచ్చింది. రాత్రికి రాత్రి చేలన్నీ నల్లబడి కుళ్లు కంపు కొట్టాయి. కుండలో కూడు కుండలో ఉండాలి, పిల్లలు గుండ్రాళ్లలా ఉండాలి అంటారు. మా ఇంట్లో కుండ ఒక్కటే గుండ్రాయిలా మిగిలింది. ఉనా మొగుడు మొదటి ఏడాదే పోయాడు. మధ్య నలుగురూ మూడేళ్లలో ఒకరి వెనక ఒకరు పోయారు. వాళ్ల పేర్లు చెప్పమని అడగకండి, చెప్పగలను గానీ చెప్పలేను. ఉనా, పద్దెనిమిదేళ్ల హనోరా, తొమ్మిదేళ్ల సబీనా మిగిలారు. నా చుట్టూ తగిలే మోకాళ్లు ఆరే.

పద్దెనిమిది వందల నలభై ఎనిమిదిలో పండుగ శుక్రవారం పడింది. అప్పటికి ఉనా మంచం పట్టి వారమైంది. మంచమంటే గడ్డి పరుపే. మూడు మైళ్ల దూరంలో వేరే మతశాఖ వాళ్లు గంజికేంద్రం పెట్టి ఉచితంగా రసం పోస్తున్నారు. వాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు, ఆకలితో ఉన్నవాడి మతం మారిస్తే పుణ్యమనుకునేవాళ్లూ ఉన్నారు. హనోరా నన్ను చంకనెత్తుకుని వెళ్లి వరసలో నిలబడింది. ఆ రోజు పోసింది మాంసం రసం. ఆమెకు వాసనతోనే తెలిసింది. అయినా తెచ్చింది. దారిలో రెండుసార్లు ఆగి నాలోకి చూసుకుని ఏడ్చింది.

నన్ను నేల మీద దించింది. ఉనా మెడ తిప్పి చూసి, "మాంసమా?" అని అడిగింది.

"అవునమ్మా."

"ఫాదర్ ఏమన్నారు?"

"ఫాదర్‌కి జ్వరమమ్మా. గుడికి తాళం వేసి నెల రోజులైంది."

ఉనా నాకేసి చూసింది. చాలాసేపు చూసింది. తరువాత కుడిచేయి పైకి లేచింది. నేను ఆమెకు జానెడు దూరంలో ఉన్నాను కాబట్టి నాకంటే బాగా చూసినవాళ్లు లేరు. ఆ చేయి నుదుటిని తాకింది. గుండెను తాకింది. ఎడమ భుజం దాకా వెళ్లలేక నా వైపు వాలిపోయింది. అది శిలువ గుర్తు. తల్లి వద్దంది. హనోరాకు అర్థమైంది. ఆమె నన్నెత్తి గుమ్మం బయట వంచేసింది. వాకిట్లో ఆడుకుంటున్న సబీనా లోపలికి తొంగిచూసేసరికి కనిపించింది మాత్రం నా వైపు చాచి ఉన్న అమ్మ చేయి, నన్ను ఎత్తుకుపోతున్న అక్క. ఆ పిల్ల మట్టిలో ఇంకిపోతున్న రసాన్ని వేళ్లతో అద్దుకుని నాకబోతే, హనోరా రెక్క పట్టుకుని ఇవతలికి లాగేసింది. సోమవారం నాడు ఉనా పోయింది.

అది మొదలు సబీనా నాలో వండిన తిండి ముట్టలేదు. దయగల ఒక దూరపు చుట్టం ఓడ టికెట్టు ఇప్పిస్తే అక్కచెల్లెళ్లిద్దరూ అమెరికాకు బయలుదేరారు. ఓడలో ఎవరి వంట వాళ్లే వండుకోవాలి. పైతట్టు మీద ఇటుక పొయ్యి దగ్గర వంతుల వారీగా నిలబడి హనోరా నాలో జావ కాచేది. సబీనా మాత్రం ఓడవాళ్లిచ్చిన గట్టి రొట్టెను చన్నీళ్లలో నానబెట్టుకుని తినేది. "అమ్మ తిందామని చెయ్యి చాచింది. నువ్వు పారబోశావు" అనేది. "శిలువ గుర్తు వేసుకుందే" అని హనోరా ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. నాకు నోరు పెద్దదే, కానీ ఎవరికీ వినబడదు. ఇద్దరి మధ్యా కూర్చుని ఆరు వారాలు సముద్రం దాటాను.

న్యూయార్కులో హనోరా ఒక గొప్పింట్లో వంటమనిషిగా కుదిరింది. ఆ ఇంట రాగి గిన్నెలుంటాయి కదా, నేనెందుకు? నన్ను నేలమాళిగలో పడేసి బూడిద పోశారు. పంతొమ్మిదేళ్లు బూడిద మోశాను. హనోరా అప్పుడప్పుడు దిగివచ్చి నా అంచు మీద చేయి వేసి నిలబడేది. ఒంటరి మనుషులు సామాన్లతో మాట్లాడతారు. ఆమె చెప్పుకున్నవన్నీ నాకు అలాగే తెలిశాయి.

మొదటి పండుగ రోజు పొద్దున ఆమె పాల కోసం వీధిలోకి వెళ్లిందట. దీపస్తంభానికి ఎవరో ఒక గడ్డిబొమ్మను ఉరేశారట. దాని మెడలో బంగాళాదుంపల దండ, నోట్లో మట్టిపైపు. కింద జనం నవ్వుతున్నారు. ఐరిష్ వాళ్లను వెక్కిరించడానికి ఆ నగరంలో అదొక ఆనవాయితీ. ఆకలికి చచ్చినవాళ్ల మెడలో దుంపలు కట్టి నవ్వగలిగిన మనుషులను నేను అంతవరకు ఎరగను. హనోరా పాలచెంబుతో అలాగే నిలబడిపోయింది. అప్పుడే వీధి చివర డప్పులు మోగాయి. వరసలు వరసలుగా ఐరిష్ మగవాళ్లు, భుజాల మీద ఆకుపచ్చ పట్టుపట్టీలు, చేతుల్లో పునీతుడి బొమ్మ ఉన్న జెండా. రేవులో మూటలు మోసేవాళ్లు, కాలువలు తవ్వేవాళ్లు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అని యజమానురాలు కిటికీలోంచి విసుక్కుందట, వాళ్ల భాషలో. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ వరసలు వచ్చేసరికి గడ్డిబొమ్మ కింద నవ్వుతున్నవాళ్లు పక్కకు తప్పుకున్నారు. వేలమంది కలిసి నడుస్తుంటే ఎవరు నవ్వుతారు?

ఆ పండుగ ఊరేగింపు ఎందుకైందో నాకు ఆ మాటతో తెలిసింది. సొంతూళ్లో అది దేవుడి పండుగ. ఊరు పోగొట్టుకున్నాక అదే ఊరయింది. ఏడాదికొకసారి అందరూ కలిసి దాని మీదుగా నడిచి, మేమింతమందిమి ఉన్నామని చూపించుకునేవాళ్లు. తరువాత సంగతి మీరూ ఊహించగలరు. ఇంతమంది ఉన్నారంటే ఇన్ని ఓట్లున్నాయన్నమాట. నిన్న గడ్డిబొమ్మకు నవ్విన పెద్దమనుషులే రేపు కోటుకు ఆకుపచ్చ రిబ్బను గుచ్చుకుని మేడ మెట్ల మీద నిలబడి చేతులూపారు. వాళ్ల వెనక జర్మనీ వాళ్ల బ్యాండు, వాళ్ల వెనక ఆకుపచ్చ పంచదార పూసిన రొట్టెలమ్మే బేకరీ. మనుషులు వెక్కిరించిన దాన్నే నెత్తిన పెట్టుకోవడానికి పెద్ద కాలమేమీ పట్టదు.

ఇదంతా జరుగుతుండగా సబీనా పెరిగి, బాయిలర్లు చేసే ఒకతన్ని పెళ్లాడి నదికి అవతలి ఒడ్డున కాపురం పెట్టింది. హనోరాకు పెళ్లి కాలేదు. ఒకరి కింద కొలువు విసుగొచ్చి మానేసి, ఊరేగింపు సాగే వీధిలో నాలుగో అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకుని ఇస్త్రీ పని పెట్టుకుంది. నన్ను బూడిదలోంచి తీసి, ఇసుకతో తోమి, కొవ్వు రాసి పొయ్యి మీద పెట్టింది. ఏటా పండుగ ముందు చెల్లెలికి కబురు పంపేది, వచ్చి ఒక్కపూట తిని వెళ్లవే అని. ఏటా ఒక సాకు వచ్చేది. పిల్లలకు దగ్గు, పడవల రద్దీ, మోకాళ్ల నొప్పులు. హనోరా మాత్రం ప్రతి పండుగకూ ఎనిమిది మందికి సరిపడా వండేది. ఆమె చేతికి వచ్చిన కొలత అదొక్కటే. ఒక ప్లేటు తిని, మిగతాది మెట్ల మీద అందరికీ పంచి, తలుపు వేసుకునేది. ఆ తరువాత నన్ను తోముతూ, "వచ్చే ఏడు వస్తుందిలే" అనేది. ఆ మాట పద్నాలుగు సార్లు విన్నాను.

వండే వంటకూ ఒక కథ ఉంది. కింది అంతస్తులో హిర్ష్ అనే యూదుడి మాంసం కొట్టు ఉండేది. మొదటి ఏడాది హనోరా వెళ్లి ఉప్పు పందిమాంసం అడిగితే ఆయన గుండె మీద చేయి వేసుకున్నాడట. "అమ్మా, నా కొట్లో ఆ పేరెత్తకండి, మా ఆవిడ గిటెల్ వింటే ఇద్దర్నీ తరిమేస్తుంది. ఉప్పునీళ్లలో ఊరబెట్టిన ఆవు రొమ్ముమాంసం ఉంది, తీసుకెళ్లండి" అన్నాడట. ఐర్లండులో అలాంటి ఆవుమాంసం పీపాలకు పీపాలు ఓడలెక్కి పరాయి దేశాలకు పోయేది. దాన్ని ఊరబెట్టినవాళ్లకు రుచి తెలియదు. హనోరాకు నలభై ఏళ్లు వస్తుండగా, ఒక యూదుడి చలవతో, తన దేశపు మాంసం రుచి తెలిసింది. ఈనాడు మ్యూజియానికి వచ్చేవాళ్లు అది అనాది నుంచీ వస్తున్న ఐరిష్ పండుగ వంట అనుకుంటారు. అనుకోనివ్వండి.

పద్దెనిమిది వందల ఎనభై రెండులో సబీనా నుంచి కబురు వచ్చింది. మొగుడి సంఘంవాళ్లు ఈసారి ఇవతలి ఒడ్డున ఊరేగింపులో నడుస్తున్నారు, చూడటానికి వస్తాను, మధ్యాహ్నం నీ దగ్గరికి వస్తాను అని. హనోరా ఆ కాగితాన్ని ఇస్త్రీపెట్టెతో సాపు చేసి గోడకు అతికించింది. ఆమెకు ప్రపంచంలో కావలసింది అదొక్కటే, చెల్లెలు తన కుండలోంచి ఒక్కపూట తినడం. ఆ తరువాత క్యాలెండరు చూసింది. మళ్లీ పండుగ శుక్రవారం పడింది.

కానీ ఆదివారం పూజలో బిషప్ గారి ఉత్తరం చదివారు. పునీతుడి గౌరవార్థం ఆ శుక్రవారం మాంసం తినవచ్చు. బుధవారం నాడు ఫాదర్ డెవనీ పై అంతస్తులో ఒక రోగిని చూసి దిగుతూ హనోరా గదిలో టీ తాగడానికి ఆగాడు. ఆయనదీ మేయోనే. తెల్లజుట్టు మనిషి. హనోరా ఆనందం పట్టలేక, "ఎంత మంచి బిషప్ గారు ఫాదర్! మా రోజుల్లో ఇలాంటి దయ ఎక్కడిది" అంది.

"మన రోజుల్లోనూ ఉందమ్మా," అన్నాడు ఫాదర్. "కరువు కాలంలో ఆ తపస్సు కాలమంతా సెలవే ఇచ్చారు. శుక్రవారాలతో సహా. ఏది దొరికితే అది తినండి, ప్రాణం నిలబెట్టుకోండి అని. నేనప్పుడు ఫాదర్ కావడానికి చదువుకుంటున్నాను. ఊరూరికీ పంపే ఆ ఉత్తరాలు నా చేత్తో నకలు రాశాను. నలభై ఎనిమిదిలోనేనమ్మా, బాగా గుర్తు."

హనోరా చేతిలో టీపాత్ర ఉంది. దాన్ని చాలా నెమ్మదిగా దించింది. ఫాదర్ మరో రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయాడు. ఆమె నా దగ్గరికి వచ్చి నిలబడింది. "ఉత్తరం వచ్చింది," అంది నాతో. "తాళం వేసిన గుడిలో బల్ల మీద పడి ఉంటుంది. జ్వరం వచ్చిన మనిషి దాన్ని చదవలేదు." ఆ తరువాత ఆ రెండు రోజులూ నాతో ఒక్కమాట మాట్లాడలేదు. చల్లబడిన పొయ్యి మీద కూర్చుని నాకు దిగులేసింది. తెలిసినవాళ్లం ఇద్దరమే, అందులో ఒకరికి మాట రాదు.

శుక్రవారం పొద్దుటి నుంచి వీధిలో డప్పులు. హనోరా మాంసం, క్యాబేజీ, దుంపలు నాలో వేసి సన్నటి సెగ పెట్టింది. మధ్యాహ్నం సబీనా మెట్లెక్కి వచ్చింది. నలభై మూడేళ్ల బలమైన మనిషి, కోటుకు ఆకుపచ్చ రిబ్బను. పద్నాలుగేళ్లలో మొదటిసారి ఆ గుమ్మం తొక్కింది. చేతిలో గుడ్డ మూట ఉంది. కూర్చుని మూట విప్పింది. రొట్టె, ఒక ఉప్పుచేప.

"ఇదేంటే?" అంది హనోరా.

"ఇవాళ శుక్రవారం కదక్కా. నా తిండి నేను తెచ్చుకున్నా."

"బిషప్ గారు సెలవిచ్చారే. ఆదివారం చదివారు. ఇవాళ తినొచ్చు."

"మీ బిషప్ గారిచ్చారు. అవతలి ఒడ్డున మా బిషప్ గారు ఇవ్వలేదు."

"నది దాటితే దేవుడు మారిపోతాడటే?"

"దేవుడు మారడు. బిషప్ మారతాడు." సబీనా చేప ముల్లు తీయడం మొదలుపెట్టింది. "ఈ నిష్ఠ నాకెవరు నేర్పారనుకున్నావ్? తొమ్మిదేళ్లదాన్ని. మట్టిలో పడింది నాకబోతే రెక్క ఊడేలా లాగావు. ఆ చెయ్యి ఇప్పటికీ చలికాలం నొప్పెడుతుంది."

హనోరా నోరు తెరిచి, "అమ్మ..." అంది. అక్కడే ఆగిపోయింది.

"చెప్పు, ఆగావేం? శిలువ గుర్తు వేసుకుందని చెప్పు. ముప్పై నాలుగేళ్ల నుంచి అదే పాట. నేను చూశానక్కా! అమ్మ చెయ్యి కుండ వైపే చాచింది. గరిటె అడిగింది. ఆకలేసి అడిగింది. నేను చిన్నదాన్ననీ, చూళ్లేదనీ, కల కన్నాననీ ఓడలో అందరి ముందూ అన్నావు. నా మొగుడితోనూ అన్నావు. నా కళ్లను నేనే నమ్మకుండా చేశావు."

ఊరేగింపు సరిగ్గా కిటికీ కిందికి వచ్చింది. డప్పుల దెబ్బకు నా మూత గలగలలాడింది. అరవాలనిపించింది నాకు. నుదురు, గుండె, నేను చూశాను, ఆ తల్లి వద్దంది అని చెప్పాలనిపించింది. హనోరా చెప్పవచ్చు. ఫాదర్ డెవనీ పేరు చెప్పి, ఉత్తరం సంగతి కూడా చెప్పవచ్చు. అప్పుడు తప్పు ఆమెది కాదు, తాళం వేసిన గుడిది, జ్వరానిది. కానీ ఆ తల్లి ఒక చదవని కాగితం కోసం ఆకలితో చనిపోయిందని తెలిశాక, సబీనా ఆ బరువు ఎక్కడ దించుకుంటుంది?

"నువ్వు చూసిందే నిజం," అంది హనోరా. "గరిటె కోసమే చాచింది. తిందామనే. నేనే పారబోశాను. అప్పట్లో నాకు నా నిష్ఠ గొప్పనిపించింది."

సబీనా చేతిలో చేపముక్క అలాగే ఉండిపోయింది. మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. చాలాసేపు ఏడ్చింది, కొంగు లేని దేశం గనక చేప తెచ్చిన గుడ్డతోనే కళ్లు తుడుచుకుంది. హనోరా లేచి వెళ్లి పట్టుకోలేదు. కుర్చీ అంచున కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

కాసేపటికి సబీనా నెమ్మదిగా అడిగింది. "అక్కా, అప్పుడు కూడా ఇలాగే ఉత్తరమొచ్చి ఉంటే, నువ్వు పారబోసేదానివి కాదు కదూ?"

"కాదే."

"రాలేదు కదా మరి?"

హనోరా పొయ్యికేసి, నాకేసి చూసింది.

"రాలేదు," అంది.

"మరింక నీ తప్పేముంది. నువ్వు మాత్రం ఎంత పిల్లవి అప్పటికి." సబీనా చేపను మళ్లీ గుడ్డలో చుట్టేసి పక్కన పెట్టింది. రిబ్బను సర్దుకుంది. "ఇప్పుడు నేను ఇవతలి ఒడ్డునే కదా ఉన్నాను. ఇక్కడి బిషప్ మాట నాకూ చెల్లుతుంది. వడ్డించక్కా."

సబీనా తిన్నది. రెండుసార్లు వడ్డించుకుని తిన్నది. ముప్పై నాలుగేళ్ల తరువాత నా తిండి ఆ పిల్ల గొంతు దిగింది, నాకు సంతోషంతో పగిలిపోతానేమో అనిపించింది. హనోరా తినలేదు. చెల్లెలు నమలడం చూస్తూ కూర్చుంది. శుక్రవారం నాడు మాంసం వాసన తగిలితేనే వణికిపోయే మనిషి, పండుగ పూట, తపస్సు కాలంలో, రెండు అబద్ధాలాడింది.

ఆ మరుసటి ఏడు నుంచి సబీనా పిల్లలతో వచ్చింది. ఆ పిల్లలు స్నేహితులను తెచ్చారు. కింది నుంచి గిటెల్ వాళ్ల మత నియమం ప్రకారం తన ప్లేటు, తన చెంచా, తన వంట తెచ్చుకుని వచ్చి మా బల్ల దగ్గరే కూర్చునేది. ఇటలీ నుంచి వచ్చిన పక్కింటావిడ క్యాబేజీలో వెల్లుల్లి వేయమని పోరేది. చూస్తుండగా ఆ గదిలో పండుగ ఐరిష్ వాళ్లది కాకుండా పోయింది, మెట్లెక్కగలిగిన అందరిదీ అయింది. ఎనిమిది మందికి వండే కొలత చాలక నన్ను రెండుసార్లు పొయ్యెక్కించేవాళ్లు. నా చుట్టూ అన్ని మోకాళ్లు చేరాయి గానీ, హనోరా మాత్రం నిలబడి వడ్డిస్తూనే ఉండేది. అందరూ వెళ్లాక నన్ను తోముతూ ఒకసారి చెప్పింది. ఫాదర్ డెవనీ దగ్గర పాపం ఒప్పుకోలేకపోతున్నానని. ఒప్పుకోవాలంటే ఆ రెండు మాటలకూ పశ్చాత్తాపపడాలి. పశ్చాత్తాపం రావడం లేదు. రాకుండా వచ్చిందనడం మూడో అబద్ధం. ఒప్పుకోకుండా పూజలో ఇచ్చే దేవుడి రొట్టెను, సత్ప్రసాదాన్ని, తీసుకోకూడదు. కాబట్టి ఆమె గుడిలో వెనక బల్ల మీద కూర్చుని వచ్చేసేది. దేవుడి కోసం రసం పారబోసిన మనిషి, దేవుడి భోజనానికి తానే దూరమైంది. నాకు ఆమెను తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆమె ఆఖరి పండుగ నాడు గదంతా జనం. సబీనా ప్లేటు పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది.

"పొద్దున గుడిలో చూశానక్కా. అందరూ సత్ప్రసాదానికి ముందుకెళ్లారు. పండుగ పూట కూడా వెళ్లవేం నువ్వు?"

"మోకాళ్లే. అక్కడ మోకరించాలంటే నా వల్ల కావట్లేదు," అంది హనోరా.

సెగ తగ్గినట్టుంది, ఆమె గరిటె పక్కన పెట్టి, రెండు మోకాళ్ల మీదా నేల మీద కూర్చుని, వంగి, పొయ్యి అడుగు తలుపు తెరిచి బొగ్గులు ఎగదోసింది. లేచేటప్పుడు చేయి కూడా ఆనించుకోలేదు. సబీనా అది చూసింది. ఆమె కళ్లు అక్క మోకాళ్ల మీద అంటిన బూడిద మీద చాలాసేపు ఆగాయి. ఇంకొంచెం వడ్డించమని ప్లేటు చాచింది.